పాత రీలు కెమెరా 38ఎంఎం లెన్సు డిజిటల్ బాడీకి కూర్చుంటుందా? సెన్సరు మొత్తం నిండుతుందా?

పెన్నా_గట్టు, నెల్లూరు:

అందరికీ నమస్కారం. షట్టర్ పోయిన పాత రీలు కెమెరా ఒకటి ఉండాది. చిన్నది, జేబులో పట్టే రకం. లెన్సు చుట్టూ 38ఎంఎం, ఎఫ్/4 అని ఉండాది. ఫోకస్ తిప్పే రింగు లేదు. లోపల ఫ్లాష్ కూడా ఉంది. గాజు మాత్రం శుభ్రంగా ఉంది, అందుకే పారేయబుద్ధి కావడం లేదు.

బాడీలు రెండు: సోనీ ఏ6400, క్యానన్ 1500డి. నా సందేహాలు ఇవి. ఈ లెన్సు పీకి వీటిలో దేనికైనా పెడితే ఫొటో మూలల దాకా వస్తుందా, నల్లగా గుండ్రంగా వస్తుందా? రెండింటిలో ఏది మేలు? ముందుముందు ఫుల్ ఫ్రేమ్ కొంటే అప్పుడూ పనికొస్తుందా? రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర జనంలో పెద్ద జూమ్ మోయకుండా చిన్న లెన్సుతో తిరగాలనేది ఉద్దేశం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండన్నా.

ఒంగోలు_ఎపర్చర్:

తమ్ముడూ, ఇందులో రెండు లెక్కలు ఉన్నాయి. చాలామంది రెంటినీ కలిపేసి తికమక పడతారు. ఒకటి, లెన్సు వేసే బొమ్మ ఎంత వెడల్పు అన్నది. రెండోది, లెన్సు సెన్సరుకు ఎంత దూరంలో కూర్చోవాలి అన్నది. మొదటి లెక్కలో పాసయిన లెన్సు రెండో లెక్కలో ఫెయిలవచ్చు. మీ 1500డి విషయంలో జరిగేది అదే.

మొదటిది నేను చెప్తా. ఏ లెన్సయినా వెనక వేసేది గుండ్రటి బొమ్మ. ఆ గుండ్రం వ్యాసం సెన్సరు మూల నుంచి మూలకు ఉన్న కొలత కంటే ఎక్కువ ఉంటే చాలు, మూలలు నల్లబడవు. రీలు మీద ఫ్రేము 36×24 ఎంఎం, మూల నుంచి మూలకు 43.3. ఫుల్ ఫ్రేమ్ సెన్సరూ అంతే. మీ ఏ6400లో ఉన్నది 23.5×15.6, అంటే సుమారు 28.2. 1500డిది ఇంకొంచెం చిన్నది, 22.3×14.9, దాదాపు 26.8. ఒలింపస్, పానసోనిక్ బాడీల్లో ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సరు 17.3×13, అంటే 21.6. కాబట్టి 35ఎంఎం రీలు మీద మూలల దాకా బొమ్మ వేసిన లెన్సు వీటన్నిటినీ నింపేస్తుంది. అందులో అనుమానం పెట్టుకోవద్దు.

రీలు సైజు మారితే లెక్క మారుతుంది. ఒలింపస్ పెన్ లాంటి హాఫ్ ఫ్రేమ్ కెమెరాల్లో ఫ్రేము 18×24, మూల నుంచి మూలకు 30 ఎంఎం. అంటే ఏపీఎస్-సీ సెన్సరుకు (మీ రెండు బాడీల్లో ఉన్న రకం) కొలిచి కుట్టినట్టు సరిపోతుంది, ఫుల్ ఫ్రేమ్‌కి మూలలు పోవచ్చు. ఇంకా చిన్నది 110 రీలు, 13×17. అది దాదాపు మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సరంతే. అందుకే పెంటాక్స్ ఆటో 110 లెన్సులకు ఆ బాడీలవాళ్ళ దగ్గర గిరాకీ. కొనేముందు ఆ లెన్సు ఏ రీలు కోసం చేశారో అడిగితే సగం జవాబు దొరికినట్టే.

ఒక లోటు ముందే చెప్పాలి. ఏ6400 మీద 38ఎంఎం లెన్సు రీలు మీద కనిపించినంత వెడల్పు చూపదు. సెన్సరు రీలు ఫ్రేము కంటే ఒకటిన్నర రెట్లు చిన్నది కాబట్టి 38ని 1.5తో హెచ్చించాలి, 57. జనంలో అది కాస్త ఇరుకు. మనిషి ముఖం, చేతిలో రొట్టె, అంతవరకు బాగుంటుంది. చెరువు ఒడ్డు మొత్తం ఒక్క ఫ్రేములో రావాలంటే రాదు.

కావలి_వర్క్‌బెంచ్:

రెండో లెక్కకు వచ్చే ముందు ఒక జాగ్రత్త. ఇది చదవకుండా స్క్రూ విప్పొద్దు.

ఫ్లాష్ ఉన్న కెమెరాలో కెపాసిటర్ ఉంటుంది. దానికి 300 వోల్టుల దాకా ఎక్కుతుంది. బ్యాటరీ తీసేసినా అందులో చార్జి నిలిచే ఉంటుంది. చేతికి తగిలితే మామూలు షాక్ కాదు. ముందు బ్యాటరీలు తీయండి. పైమూత విప్పగానే పెన్ను మూతంత నల్ల గొట్టం కనిపిస్తుంది, అదే కెపాసిటర్. దాని రెండు కాళ్ళ మధ్య 2.2 కిలో ఓమ్, 5 వాట్ రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో పట్టి ఐదారు సెకన్లు ఆనించండి. తర్వాత మల్టీమీటర్ డీసీలో పెట్టి చూడండి, 5 వోల్టుల లోపు ఉంటేనే ముందుకెళ్ళండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించడం చాలాచోట్ల చూస్తుంటాం. మొన కాలుతుంది, కరిగిన లోహపు తునక కంట్లో పడొచ్చు. ఆ పద్ధతి వద్దు.

ఇప్పుడు దూరం. లెన్సు పీకాక కొలిస్తే లాభం లేదు, కెమెరా బాడీలో ఉండగానే కొలవాలి. వెనక తలుపు తెరవండి. రీలు ఆనే చోట పైనా కిందా రెండేసి పట్టాలు ఉంటాయి. లోపలి జతే రీలుది. బయటి జత తలుపుకుండే నొక్కుడు రేకుది. వెర్నియర్‌తో లోపలి పట్టా నుంచి లెన్సు యూనిట్ కూర్చున్న పలక దాకా ఒక కొలత, లోపలి పట్టా నుంచి వెనక గాజు దాకా ఇంకో కొలత తీసుకోండి. గాజుకు వెర్నియర్ మొన తగలకుండా మధ్యలో సన్నటి కాగితం పెట్టండి. ఒక్కో కొలత మూడుసార్లు తీసి సగటు వేయండి. ఇక్కడ 0.2 ఎంఎం తేడా కూడా ఫొటోలో కనిపిస్తుంది.

ఫోకస్ రింగు లేని కెమెరాల్లో అందరూ పప్పులో కాలేసేది ఒకచోట. కంపెనీ ఆ లెన్సు ఫోకస్‌ను అనంతానికి, అంటే చాలా దూరపు వస్తువులకు పెట్టదు. సుమారు 3 మీటర్ల దగ్గర మనుషులు బాగా పడేలా పెడుతుంది. మీరు కొలిచేది ఆ 3 మీటర్ల దూరం. 38ఎంఎం లెన్సుకు 3 మీటర్లకూ అనంతానికీ మధ్య తేడా దాదాపు అర మిల్లీమీటరు. కొలిచినంతా అచ్చంగా అలాగే బిగిస్తే గోపురం, చెట్లు, దూరపు జనం అన్నీ మెత్తగా వస్తాయి. అప్పుడు లెన్సు బాగాలేదని తిడతాం. తప్పు లెన్సుది కాదు.

కొలతలు ఇక్కడ పెట్టండి, మిగతాది చెప్తా.

మైపాడు_ఉప్పుగాలి:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. చెడిపోయిన డిజిటల్ కాంపాక్ట్‌ల నుంచి కూడా ఇట్టా లెన్సులు తీసి వాడుకోవచ్చా? పాత సామాన్ల కొట్లలో అవే ఎక్కువ దొరుకుతాయి గదా. సీసీటీవీ లెన్సుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఒంగోలు_ఎపర్చర్:

డిజిటల్ కాంపాక్ట్ లెన్సు వద్దే వద్దు. మామూలు వాటిలో సెన్సరు 1/2.3 అంగుళాల రకం, అసలు కొలత 6.17×4.55 ఎంఎం, మూల నుంచి మూలకు 7.7. దాన్ని తెచ్చి 28.2 ఎంఎం సెన్సరు ముందు పెడితే మధ్యలో రూపాయి బిళ్ళంత వెలుగు, చుట్టూ చీకటి. పైగా ఆ లెన్సు సెన్సరుకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే కూర్చోవాలి, మన బాడీలో అంత లోపలికి చోటు లేదు. జూమ్, ఫోకస్ అన్నీ ఆ కెమెరా బోర్డు ఆడించేవే. కరెంటు లేకపోతే లెన్సు ముడుచుకునే ఉంటుంది.

అన్నట్టు, "1 అంగుళం సెన్సరు" అన్నది చూసి 25.4 ఎంఎం అనుకోవద్దు. అది 13.2×8.8 మాత్రమే, మూల నుంచి మూలకు 16 కంటే తక్కువ. పాత టీవీ కెమెరాల గాజు గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి పెట్టిన పేర్లు ఇప్పటికీ అలా నిలిచిపోయాయి.

సీసీటీవీ లెన్సుల్లో సీ-మౌంట్, సీఎస్-మౌంట్ అని రెండున్నాయి, మర చూస్తే రెండూ ఒకటే. లెన్సు కూర్చునే ముఖం నుంచి సెన్సరుకు దూరం సీ-మౌంట్‌లో 17.526 ఎంఎం, సీఎస్‌లో 12.526. ఏ6400లో ఉండే సోనీ ఈ-మౌంట్‌ది 18. అంటే సీ-మౌంట్ లెన్సు అర మిల్లీమీటరు లోపలికి దిగాలి. అడాప్టర్‌లో మరను ఆ మేరకు గుంతలా చేస్తారు కాబట్టి పని జరుగుతుంది. సీఎస్‌కి 5 ఎంఎం పైగా దిగాలి, అది కుదిరే పని కాదు, దగ్గరి వస్తువులు తప్ప ఏమీ పడవు. సీ-మౌంట్‌లోనూ 35ఎంఎం ఎఫ్/1.7 రకం ఏపీఎస్-సీని దాదాపు నింపుతుంది. 25ఎంఎం ఎఫ్/1.4 మూలలు నల్లబడతాయి, అది మైక్రో ఫోర్ థర్డ్స్ వాళ్ళకు నయం.

పెన్నా_గట్టు, నెల్లూరు:

చాలా థ్యాంక్స్ అన్నా. కెపాసిటర్ మీరు చెప్పినట్టే ఖాళీ చేశా, మీటర్‌లో 1 వోల్టు కూడా లేదు. కొలతలు: లోపలి పట్టా నుంచి లెన్సు పలక 31.4 ఎంఎం. వెనక గాజు 24.6. షట్టర్ రెక్కలు లెన్సు వెనక ఉన్నాయి, సగం మూసుకుని ఇరుక్కుపోయాయి. 1500డికి అస్సలు కుదరదా? అడాప్టర్ ఏదైనా దొరికినా?

కావలి_వర్క్‌బెంచ్:

మంచి కొలతలు. ముందు 1500డి సంగతి తేల్చేద్దాం. క్యానన్ ఈఎఫ్ మౌంట్‌లో లెన్సు కూర్చునే ముఖం నుంచి సెన్సరుకు 44 ఎంఎం. మీ లెన్సు పలక సెన్సరుకు 31 దగ్గర ఉండాలి. అంటే మౌంట్ ముఖం దాటి 13 ఎంఎం లోపలికి దిగాలి, అక్కడ అద్దం లేస్తూ దిగుతూ ఉంటుంది, గాజుకు తగులుతుంది. సరే అని మౌంట్ ముఖం మీదే పెడితే లెన్సుకు సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువొక్కటే ఫోకస్ అవుతుంది. నాణేలు, పూలు తీసుకోవచ్చు. పండగ ఫొటోలు తీయలేరు. అడాప్టర్ అనేది దూరాన్ని పెంచగలదు గానీ తగ్గించలేదు. గాజు పెట్టిన అడాప్టర్లు ఉన్నాయి, కానీ అవి కొద్ది మిల్లీమీటర్ల లోటు పూడ్చడానికే, 13కి కాదు.

ఇక సోనీ. 31.4 అన్నది 3 మీటర్లకు. అనంతానికి అర మిల్లీమీటరు తగ్గించండి, 30.9. ఎఫ్/8 దగ్గర 9 మీటర్లకు ఫోకస్ పెడితే ఏపీఎస్-సీ మీద నాలుగున్నర మీటర్ల నుంచి అనంతం దాకా పనికొచ్చేంత స్పష్టంగా వస్తుంది. ఆ 9 మీటర్ల స్థానం 30.9 కంటే 0.16 ఎక్కువ, అంటే 31.06. అందులోంచి 18 తీసేస్తే మౌంట్ ముఖం నుంచి 13.06 ఎంఎం ఎత్తు కావాలి. వెనక గాజు మౌంట్ ముఖానికి ఇవతల ఇంకా 6 ఎంఎం మిగిలి ఉంటుంది, షట్టర్‌కి తగిలే ప్రసక్తే లేదు.

దీనికి రెండు దారులు. చవకది బాడీ క్యాప్, అంటే లెన్సు లేనప్పుడు బాడీకి పెట్టే మూత. మధ్యలో రంధ్రం చేసి, మీద నల్ల యాక్రిలిక్ రింగులు పేర్చి, క్యాప్ మందంతో కలిపి 12.7 దాకా తేవాలి. కావాలనే కొంచెం తక్కువ పెట్టమంటున్నా. ఎందుకంటే ఎత్తు చాలకపోతే షీటు పెట్టి పెంచొచ్చు, ఎక్కువైతే మళ్ళీ ఎమరీ పేపరు మీద రుద్దుతూ కూర్చోవాలి, అది సమంగా అరగదు, ఫొటోలో ఒక పక్క మెత్తబడుతుంది. మిగిలిన దూరానికి ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) రింగులు కత్తిరించి పెట్టండి. ఒక్కోటి 0.1 ఎంఎం దగ్గర ఉంటుంది, మూడు నాలుగు పడతాయి. తెల్ల కాగితం కూడా అంతే మందం గానీ మన గాలిలో చెమ్మకు ఉబ్బుతుంది.

రెండో దారి ఎం42 (42 ఎంఎం మర) హెలికాయిడ్, అంటే తిప్పితే పొడవు పెరిగే గొట్టం, 12 నుంచి 17 ఎంఎం రకం, దాని వెనక 1 ఎంఎం పలచటి ఎం42-సోనీ ఈ ప్లేటు. మూసినప్పుడు మొత్తం 13. లెన్సు పలకను హెలికాయిడ్ ముందు అంచు కంటే అర మిల్లీమీటరు లోపలికి దించి అతికిస్తే అనంతం దొరుకుతుంది. తిప్పితే 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికి రావచ్చు. నా మాట అడిగితే హెలికాయిడ్‌కే ఓటు. జనంలో మనుషులు రెండు మీటర్లలో ఉంటారు, బాడీ క్యాప్ లెన్సు అక్కడ చాలదు.

రెక్కలు విప్పి తీసేయండి, వంచి ఇరికిస్తే ఎప్పుడో జారి అడ్డం పడతాయి. ఈ రకం కెమెరాల్లో చాలావాటికి ఆ రెక్కలే ఎపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) కూడా. తీశాక లెన్సు ఎప్పుడూ ఎఫ్/4లోనే ఉంటుంది, అంచులు మెత్తగా ఉంటాయి. నల్ల అట్టకు 5 ఎంఎం గుండ్రటి రంధ్రం కొట్టి, రెక్కలున్న చోటే పెడితే దాదాపు ఎఫ్/8 వస్తుంది. 38ని 8తో భాగిస్తే 4.75, అదీ లెక్క. రంధ్రం సరిగ్గా మధ్యలో ఉండాలి.

అతికించడానికి అరాల్డైట్ వాడండి. ఫెవీక్విక్ ఆవిరి గాజు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. గొట్టం లోపలంతా మ్యాట్ నల్ల రంగు వేయాలి, లేకపోతే ఎండలో ఫొటో మధ్యలో వెలిసిపోయినట్టు మచ్చ వస్తుంది.

ఒంగోలు_ఎపర్చర్:

కెమెరాలో చేయాల్సినవి: మెనూలో "రిలీజ్ వితౌట్ లెన్స్" ఎనేబుల్ చేయాలి, లేదంటే లెన్సు లేదంటూ క్లిక్ అవదు. ఎపర్చర్ ప్రయారిటీ (A) మోడ్, ఆటో ఐఎస్ఓ, ఫోకస్ పీకింగ్ (ఫోకస్ పడ్డ అంచులకు రంగు వేసి చూపేది) ఆన్. పీకింగ్‌ని పూర్తిగా నమ్మొద్దు, ఫోకస్ మ్యాగ్నిఫై చేసి దూరంగా ఉన్న కరెంటు స్తంభం తీగల మీద సరిచూసుకోండి. షీట్లు పెట్టేటప్పుడు కూడా అదే పరీక్ష. పట్టపగలు, లెన్సు పూర్తిగా తెరిచి, నల్ల అట్ట పెట్టకముందే చేయండి. ఎఫ్/8లో చేస్తే తప్పు దాక్కుంటుంది.

ఫుల్ ఫ్రేమ్ అడిగారు. బొమ్మ నిండుతుంది గానీ మూలలు అంత బాగుండవు. ఇలాంటి చిన్న లెన్సుల వెనక గాజు రీలుకు దగ్గరగా ఉంటుంది, మూలలకు వెలుగు బాగా ఏటవాలుగా వచ్చి పడుతుంది. రీలుకు అది పట్టదు. డిజిటల్‌లో సెన్సరు ముందు గాజు పొర ఉంటుంది, సోనీలో సుమారు 2 ఎంఎం. ఏటవాలు వెలుగు అందులో వంగి మూలలు అలుక్కుపోతాయి, కొన్ని లెన్సులకు అంచుల్లో గులాబీ ఛాయ కూడా వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మూల మధ్య నుంచి 21.6 ఎంఎం దూరం, మీ ఏ6400లో 14.1 మాత్రమే. అందుకే ఈ లెన్సుకు మీ దగ్గరున్న బాడీయే మంచి జత.

మైపాడు_ఉప్పుగాలి:

ఎఫ్/4 లెన్సు ఏపీఎస్-సీ మీద ఎఫ్/6 అయిపోతుందంటారే, అది నిజమా? అట్నే, ఈ కష్టమంతా లేకుండా కొనుక్కునే చిన్న లెన్సులు ఏవి?

ఒంగోలు_ఎపర్చర్:

వెలుగు లెక్కలో ఎఫ్/4 ఎప్పుడూ ఎఫ్/4నే, షట్టర్ స్పీడ్ మారదు. వెనక మసకబారే తీరు మాత్రం ఫుల్ ఫ్రేమ్ మీద 57ఎంఎం ఎఫ్/6 పెట్టినట్టు ఉంటుంది. రెండూ వేరువేరు విషయాలు.

కొనేదయితే, 1500డి ఉన్నవాళ్ళకు ఈఎఫ్-ఎస్ 24ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం, 2014లో వచ్చింది. 125 గ్రాములు, మందం 23 ఎంఎం లోపు. 24ని 1.6తో హెచ్చిస్తే 38.4. అంటే పెన్నా_గట్టు గారి రీలు కెమెరా చూపించిన వెడల్పే, ఆటో ఫోకస్‌తో సహా. జనంలో తిరగడానికి ఆయన అసలు కోరిక తీర్చేది ఇదే. ఈఎఫ్ 40ఎంఎం ఎఫ్/2.8 కూడా అంతే పలచన, కానీ 1500డి మీద 64 అవుతుంది. సోనీకి ఈ-మౌంట్ 20ఎంఎం ఎఫ్/2.8, 69 గ్రాములే, 30ఎంఎం వెడల్పు చూపిస్తుంది.

ఫుల్ ఫ్రేమ్ ఆలోచన ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగి చూసుకోవాలి. ఈఎఫ్-ఎస్ లెన్సు ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి అసలు బిగియదు, అద్దానికి తగలకుండా మౌంట్‌నే అలా చేశారు. ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌కి అడాప్టర్‌తో బిగుస్తుంది, కానీ బాడీ దానంతట అదే క్రాప్‌లోకి వెళ్తుంది, అంటే సెన్సరు మధ్య భాగమే వాడుతుంది. 24 మెగాపిక్సెళ్ళ బాడీ 9కి కాస్త పైన ఇస్తుంది. ఈఎఫ్ 40 అయితే ఆ ఇబ్బంది లేదు, పూర్తి సెన్సరు వాడుకుంటుంది. నికాన్‌వాళ్ళు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి: మన దగ్గర ఇంటింటా ఉన్న ఏఎఫ్ 50ఎంఎం ఎఫ్/1.8డి, పాత లెన్సుల్ని జెడ్ మిర్రర్‌లెస్ బాడీలకు బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటో ఫోకస్ చేయదు. లెన్సులో మోటార్ లేదు, అడాప్టర్‌లోనూ లేదు. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ రకాలు చేస్తాయి.

పెన్నా_గట్టు, నెల్లూరు:

అర్థమైందన్నా. హెలికాయిడ్ ఆర్డర్ పెడతా, సోనీకే. పండక్కి మాత్రం 24ఎంఎం సంగతి చూస్తా. రెక్కలు తీసేటప్పుడు గాజు మీద వేలిముద్రలు పడ్డాయి, దేనితో తుడవాలి?

కావలి_వర్క్‌బెంచ్:

ముందు అది గాజో ప్లాస్టిక్కో తేల్చుకోండి. చవక కాంపాక్ట్‌ల లెన్సులో ఒకటి రెండు ప్లాస్టిక్ కటకాలు ఉంటాయి. పంటికి ఆనిస్తే గాజు చల్లగా, గట్టిగా టిక్కుమంటుంది, ప్లాస్టిక్ మొద్దుగా ఉంటుంది. అంచుకే ఆనించండి, మధ్యలో వద్దు. గాజయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు లెన్సు గుడ్డ మీద వేసి మధ్య నుంచి బయటికి గుండ్రంగా తుడవండి. ప్లాస్టిక్ అయితే బ్లోయర్‌తో దుమ్ము ఊది, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వద్దు, అందులో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్ కరిగి పొగమంచులా అయిపోతుంది, మళ్ళీ బాగుపడదు.

అతికించే ముందు టార్చి వెనక నుంచి వేసి లెన్సు లోపల సాలెగూడు లాంటి తెల్ల దారాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే బూజు. ఇప్పుడే విప్పి తుడవాలి, అరాల్డైట్ పట్టాక విప్పలేరు. తయారయ్యాక బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు వేడిచేసి ఆరబెట్టాలో తెలుస్తుంది. సముద్రం ఒడ్డుకు తీసుకెళ్తే హెలికాయిడ్‌ని ఇసుక గాలిలో ముందుకూ వెనక్కూ తిప్పొద్దు, తిప్పిన ప్రతిసారీ గాలిని లోపలికి పీలుస్తుంది, ఆ గాలితోపాటే ఉప్పూ ఇసుకా సెన్సరు దాకా వెళ్తాయి.